వాడికి తెలిసిన చిరునామా

క్రిందటి మాఘమాసంలో పేరాలలోని మా ఇల్లు అమ్మేశాం.

అమ్మకమన్నాక పాత కాగితాలు బయటికి తీయక తప్పదు. నాన్నగారి ట్రంకుపెట్టె అడుగున, గళ్ళ తువ్వాలులో చుట్టి దాచిన దస్తావేజులు దొరికాయి. తాతగారు ఆ స్థలం కొన్నది 1956లో. ఆ దస్తావేజు ప్రకారం మాది గుంటూరు జిల్లా. వెనుక వైపు రెండు గదులు వేయడానికి నాన్నగారు 1983లో అప్పు తీసుకున్న కాగితంలో ప్రకాశం జిల్లా. ఇప్పుడు నేనూ మా చెల్లెలూ సంతకాలు చేయవలసిన కాగితంలో బాపట్ల జిల్లా. 1970లో ఒకసారి, 2022లో మరొకసారి, ఊరు అంగుళమైనా కదలకుండానే జిల్లాలు మారింది.

రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టు కింద కూర్చుని ఆ మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నవ్వు రావలసింది. నాకు మాత్రం రాలేదు. ఆ ఇంటి చిరునామా కంఠస్థంగా తెలిసినవాడు ఒకడు ఎక్కడో ఉన్నాడు. వాడికి తెలిసిన నా చిరునామా అదొక్కటే. వాడు దాన్ని ప్రకాశం జిల్లా అని రాశాడు. జిల్లా పేరు మారితే ఉత్తరం ఎలాగో చేరుతుంది. ఇల్లే చేతులు మారితే?

"అన్నయ్యా, పిలుస్తున్నారు" అని చెల్లెలు వచ్చి భుజం తట్టేదాకా నేను అక్కడే ఉండిపోయాను.

వాడి పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది. బడిలో మేమంతా వాణ్ణి 'కండె' అనేవాళ్ళం. మగ్గం చూడని వాళ్ళ కోసం చెబుతాను. గుడ్డకు నిలువు పోగు పడుగు, అడ్డపోగు పేక. ఆ పేకనూలును చిన్న పుల్లకు చుట్టి నాడెలో పెడతారు. నూలు చుట్టిన ఆ పుల్లే కండె. నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంటే కండె అందులో కూర్చుని కరిగిపోతూ ఉంటుంది. అది అయిపోయేసరికి ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. నేసే ఇళ్ళల్లో కండెలు చుట్టే పని ఆడవాళ్ళదీ పిల్లలదీ. వాడు పొద్దున్నే లేచి, రాట్నం ముందు కూర్చుని, ఆ పూటకు సరిపడా కండెలు చుట్టి మరీ బడికి వచ్చేవాడు. జుట్టులో నూలుపీచు, వేళ్ళకు రంగు. అందుకని ఆ పేరు.

ఆ రోజుల్లో మా వీధిలో తెల్లవారడమంటే గంజివాసన. వీధి పొడవునా పడుగు పరచి, ఇరువైపులా మనుషులు నిలబడి గంజి పట్టించేవారు. ఎండ ముదిరేలోగా ఆ పని కావాలి. మేము బడికి వెళ్ళాలంటే ఆ దారాల కింద నుంచి, పుస్తకాల సంచి కడుపుకు హత్తుకుని, వంగి నడవాలి. తల తగిలితే తిట్లు. తరువాత రోజంతా మగ్గాల చప్పుడు. ఆ చప్పుడు ఎంతగా అలవాటంటే, మాకది వినబడేదే కాదు. ఆగినప్పుడే వినబడేది. మగ్గాలు ఆగాయంటే వీధిలో ఎవరో పోయారని గాని, వాన పడి మగ్గం గుంటల్లో నీళ్ళు చేరాయని గాని అర్థం. గుంటమగ్గం నేలలో ఉంటుంది. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తాడు. వాన వెలిసినా గుంట ఆరేదాకా పని ఉండదు. పని లేకపోతే కూలీ ఉండదు.

నాన్నగారు ఒక నూలు వ్యాపారి దగ్గర గుమాస్తా. ఆ షావుకారు నూలిస్తాడు, నేసిన గుడ్డ తీసుకుంటాడు, మజూరీ కడతాడు. నడుమ పెళ్ళికో చావుకో అప్పు కూడా ఇస్తాడు. కండె వాళ్ళ నాన్న ఆ షావుకారు నూలే నేసేవాడు. అంటే మేమిద్దరం ఒకే పద్దుపుస్తకానికి అటొకడు ఇటొకడు. పదేళ్ళ పిల్లలకు ఇది తెలియవలసిన అవసరం లేదు. మాకు తెలియలేదు కూడా.

మాకు తెలిసిందల్లా గంటకింత అని అద్దెకిచ్చే సైకిలు, వాడరేవు. పేరాల నుంచి సముద్రం ఆరేడు కిలోమీటర్లుంటుంది. పోయేటప్పుడు ఒకడు తొక్కాలి, వచ్చేటప్పుడు ఇంకొకడు. ఎదురుగాలి ఎవరి వంతుకు వస్తుందో వాడి కర్మ. కార్తీక పౌర్ణమికైతే ఊళ్ళన్నీ సముద్రస్నానాలకు కదులుతాయి గనుక ఇంట్లో అడగనక్కర లేదు. ఒకసారి లైట్‌హౌసు దగ్గర ఇసుకలో కూర్చుని ఉండగా వాడు చాలాసేపు అలలనే చూశాడు. "ఆగదేంరా ఇది? మా అమ్మ లాగా" అన్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

వాళ్ళమ్మను నేను ఎప్పుడూ ఊరికే కూర్చుని ఉండగా చూడలేదు. రాట్నం దగ్గరో, పొయ్యి దగ్గరో, కుళాయి దగ్గరో ఉండేది. నేను వెళ్తే మజ్జిగ ఇచ్చేది. ఆ ఇంట్లో విలువైన వస్తువంటూ ఉంటే అది ఆవిడ పుట్టింటివారు పెట్టిన ఇత్తడి బిందె. మెడ కింద ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉండేది. ఆ చెక్కినవాడికి ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒక అక్షరం కింద పెట్టవలసింది పక్క అక్షరం కింద పెట్టాడు. ఆ తప్పును పట్టుకుని కండె ఎప్పుడూ వాళ్ళమ్మను ఆ పేరుతోనే పిలిచి ఏడిపించేవాడు. ఆవిడ చెంబుతో నీళ్ళు చల్లి తరిమేది.

1990 తరువాత నూలు ధర పెరగడం మొదలైంది. కారణాలు అప్పుడు మాకు తెలియవు. చిలపనూలు ధర పెరుగుతుంటే గుడ్డ ధర దానితో పాటు పెరగలేదు, నేసేవాడి మజూరీ అసలే పెరగలేదు. 1991లో ప్రకాశం, గుంటూరు జిల్లాల నేతగాళ్ళ ఆకలిచావులు పత్రికలకెక్కాయి. మా వీధికి సంబంధించినంత వరకు నాకు గుర్తున్నది ఒకటే. వాన లేదు, ఎవరూ పోలేదు, అయినా మగ్గాల చప్పుడు తగ్గిపోయింది. ముందు ఒక ఇంట్లో, తరువాత రెండిళ్ళలో.

మేము ఏడో తరగతి. ఒకనాడు సాయంత్రం కండె మా ఇంటికి వచ్చి, నా దగ్గర తీసుకుపోయిన చందమామలు మూడూ ఇచ్చేశాడు. "అప్పుడే చదివేశావా?" అన్నాను. చదివేశానన్నాడు. అబద్ధం. వాడు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే రకం. ఒక్కొక్క పుస్తకానికి నెల పట్టేది. నేను అడగలేదు. వాడు అరుగు మీద కాసేపు కూర్చున్నాడు. మా ఇంటి నంబరు, వీధి పేరు సరిగ్గా ఎలా రాయాలో నా చేత చెప్పించుకుని, అరచేతిలో వేలితో రాసుకుంటున్నట్టు చూసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు వాళ్ళ తలుపుకు తాళం ఉంది. రాత్రి పాసింజరుకు పోయారని కొందరు, లారీ ఎక్కారని కొందరు. బాకీ ఎగ్గొట్టి పోయారని మాత్రం అందరూ అన్నారు. నాకు వాడు ఏమీ బాకీ పడలేదు.

మా నాయనమ్మ పేరాల పిల్లే. పేరాలలోనే పుట్టి పేరాలలోనే మెట్టింది. ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం మానేసి కూర్చుంటే, ఆవిడ నా పక్కన చేరి తన చిన్నప్పటి సంగతి చెప్పింది. చీరాల-పేరాల ఉద్యమం మీలో చాలామంది చదివే ఉంటారు. 1919లో అప్పటి మద్రాసు ప్రభుత్వం ఈ ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేసింది, పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి, మాకీ మునిసిపాలిటీ వద్దు మొర్రో అని జనం మొత్తుకున్నా వినలేదు. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలయ్యాక గాంధీగారు చీరాల వచ్చారు. శాంతంగా పన్నులు నిరాకరించడం ఒక దారి, ఊరే విడిచి మునిసిపాలిటీ హద్దు దాటిపోవడం ఇంకొక దారి అన్నారు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకుడుగా జనం రెండో దారి పట్టారు. దాదాపు 15 వేల మందిలో 13 వేలకు పైగా ఇళ్ళకు తాళాలు పెట్టి, ఊరి వెలుపల పాకలు వేసుకుని, దానికి రామనగరమని పేరు పెట్టుకుని, సుమారు 11 నెలలు అక్కడ ఉన్నారు. ఎండ, వాన, చలి అన్నీ ఆ పాకల్లోనే చూశారు. నాయకుణ్ణి జైల్లో పెట్టారు, డబ్బు అయిపోయింది, చివరికి తిరిగి వచ్చారు. అప్పుడు మా నాయనమ్మకు ఎనిమిదేళ్ళు.

ఎవరు ఏ మునిసిపాలిటీ వద్దన్నారో వాళ్ళ మనవళ్ళం మునిసిపల్ బడిలో ఆ పాఠం చదువుకున్నాం. కాని నాయనమ్మ చెప్పింది పాఠంలో లేని ముక్క. "పాకల్లో కష్టంగా లేదా?" అని అడిగాను.

"కష్టం పెద్దవాళ్ళకు నాయనా. మాకేం? ఇక్కడ మా పక్కింటి వాళ్ళే అక్కడా మా పక్క పాక. నాతో గచ్చకాయలాడే పిల్లలంతా అక్కడే ఉన్నారు. ఊరు మారినట్టే తెలియలేదు."

కాసేపాగి ఆవిడే అంది. "అందరూ కలిసి పోతే అది వలస కాదురా. ఒక్క ఇల్లు లేచిపోతే అదే ఊరు ఖాళీ అయినట్టు ఉంటుంది."

ఆ మాట నాకు అప్పుడు ఓదార్పుగానే తోచింది. దాని లోతు చాలా ఏళ్ళకు గాని అందలేదు. 13 వేల మంది తలెత్తుకుని పగటిపూట నడిచిపోయారు. ఒకరి జాడ ఒకరికి తెలుసు. ఎక్కడున్నారో ప్రపంచానికంతా తెలుసు. ఎవరూ ఎవరికీ తప్పిపోలేదు. డెబ్భై ఏళ్ళ తరువాత అదే ఊరి నుంచి ఒకే ఒక కుటుంబం, అదీ కట్టలేని బాకీ వల్లనే, చీకట్లో చెప్పులు చేతపట్టుకుని పోయింది. ముందుదాన్ని ఉద్యమమన్నాం, రెండోదాన్ని ఎగవేత అన్నాం. చిన్ననాటి నేస్తాలు తప్పిపోవడం గురించి మాట్లాడుకునేటప్పుడు మనం కాలాన్నో దూరాన్నో తప్పుపడతాం. చాలాసార్లు కారణం అవమానం. అవమానంతో పోయినవాడు వెనక్కి తిరిగి చిరునామా చెప్పడు.

కండె మాత్రం చెప్పినంత పని చేశాడు.

పరీక్షలయి సెలవులిచ్చాక ఒకనాడు పదిహేను పైసల కార్డు వచ్చింది. వంకర అక్షరాలు, పెన్సిలుతో. బాగున్నామన్నాడు. ఇక్కడివి మరమగ్గాలు, రైలు పక్కన పడుకున్నట్టు ఉంటుందన్నాడు. బడికి పోవడం లేదన్నాడు. ఊరి పేరు రాయొద్దని నాన్న చెప్పాడన్నాడు. ఇక్కడ కొట్ల మీద అక్షరాలు మన అక్షరాల్లాగే ఉంటాయి గాని చదివితే ఏమీ తెలియదని, నవ్వు వస్తుందని రాశాడు. పరీక్ష ఎలా రాశావని అడిగాడు. అంతే.

ఆ రోజుల్లో నాకు డిటెక్టివ్ నవలల పిచ్చి. మన అక్షరాల్లాంటి అక్షరాలంటే కన్నడం. తపాలా ముద్రలో నాలుగైదు ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే పడ్డాయి. బడి అట్లాసు తెరిచి, భూతద్దం పెట్టి, ఆ అక్షరాలు ఏ ఊరి పేరులో ఉన్నాయో వెతికాను. బెంగుళూరుకు దగ్గరలోని ఒక ఊరు దొరికింది. మరమగ్గాలకు పేరున్న ఊరే. నా అంతటివాడు లేడనుకున్నాను.

ఆ రాత్రి నాన్నగారు ఇంటికి రాగానే కార్డు చేతికిచ్చి, నేను కనిపెట్టిన సంగతంతా వరుసగా చెప్పాను. ఆయన కార్డును దీపం దగ్గర పెట్టుకుని రెండుసార్లు చదివారు. నాకు తిరిగి ఇచ్చేశారు. "అన్నం తిని పడుకో" అన్నారు. మెచ్చుకుంటారనుకున్నాను. మెచ్చుకోలేదు.

మూడు వారాలు గడిచాయి కాబోలు. నాన్నగారికి క్యారేజీ ఇవ్వడానికి కొట్టుకు వెళ్ళాను. నూలు తూచే కాటా మీద ఇత్తడి బిందె ఒకటి ఉంది. అటు తిరిగి ఉంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. మెడ కింద చుక్కల అక్షరాలు, ఒత్తు తప్పిన పేరు, నా వైపే ఉన్నాయి.

క్యారేజీ అక్కడ పెట్టి వచ్చేశాను. నాన్నగారు నన్ను పిలవలేదు. ఆ కార్డు తరువాత ఇంకో కార్డు రాలేదు.

ఈ సంగతి నాన్నగారితో ఎత్తడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆయన పోయే ముందు సంవత్సరం, 2013లో, పేరాల ఇంటి అరుగు మీదే అడిగాను. ఆయన మరిచిపోలేదు. "వాళ్ళకు ఆఖరిసారి నూలు అరువు ఇప్పించింది నేనే. హామీ నేనున్నాను. అది నా జీతంలో కోసుకుంటానన్నాడు షావుకారు. మీ చెల్లెలికి అప్పుడు టైఫాయిడు" అన్నారు. కాసేపటికి, "నువ్వు ఆ కార్డు నాకు చూపించకుండా ఉండాల్సిందిరా. నేను నిన్ను అడిగి ఉండేవాణ్ణి కాదు" అన్నారు.

ఆయనను ఏమీ అనలేకపోయాను. దీపం దగ్గర పెట్టుకుని రెండుసార్లు చదివినప్పుడు ఆయన ఏమేమి లెక్కలు వేసుకున్నారో, ఏం కూడి ఏం తీసివేశారో నాకు తెలియదు. పద్దు రాసింది ఆయనే కావచ్చు, జాడ తీసింది మాత్రం నేను.

దానికి ముందే, 2006లో, ఉద్యోగం పని మీద బెంగుళూరు వెళ్ళినప్పుడు ఒక ఆదివారం ఆ ఊరు వెళ్ళాను. కండె రాసింది నిజమే. ఏ సందులోకి తిరిగినా రైలు చప్పుడే. తెలుగు మాటలూ వినబడ్డాయి. ఒక టీకొట్టు దగ్గర నిలబడి, పెద్దవయసు మనిషి ఒకాయనను, చీరాల వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి.

"ఎంత బాకీ?" అన్నాడు.

బాకీ ఏమీ లేదని, స్నేహితుణ్ణి వెతుక్కుంటున్నానని చెప్పాను. "అందరూ అట్లనే చెప్తారు సామీ" అని గ్లాసు పెట్టేసి లేచి పోయాడు. ఆయన ఎంత తెలివైనవాడో నాకు బస్సెక్కాక అర్థమైంది. ఒక మనిషి జాడ తీయడానికి అప్పులవాడు ఏం చేస్తాడో స్నేహితుడూ అదే చేస్తాడు. అదే ఊరు వెళ్తాడు, అదే టీకొట్టు దగ్గర నిలబడతాడు, అవే ప్రశ్నలు అడుగుతాడు. వెతికించుకునే వాడికి ఎవరు ఏ పని మీద వచ్చారో ఎలా తెలుస్తుంది? అందులోనూ నేను ఒకసారి వెతికి, కనిపెట్టి, వాళ్ళమ్మ బిందెను కాటా ఎక్కించినవాణ్ణి.

అప్పటి నుంచి వాణ్ణి వెతకడం మానేశాను. ఇప్పుడు ఫోనులో పేరు కొడితే చాలు, ఎక్కడివాడైనా దొరుకుతాడంటారు. ఒకటి రెండుసార్లు సగం పేరు కొట్టి చెరిపేశాను. వాడి పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం కూడా ఇదే.

అయితే ఆశ వదులుకోవాలా? 2021 నవంబరులో పత్రికల్లో వచ్చిన ఒక వార్త నాకు ఇంకో దారి చూపించింది. దేశ విభజన నాడు విడిపోయిన ఇద్దరు చిన్ననాటి స్నేహితులు, ఒకాయనకు 94 ఏళ్ళు, ఒకాయనకు 91, పాకిస్తాన్‌లోని కర్తార్‌పూర్ గురుద్వారాలో 74 ఏళ్ళ తరువాత కలుసుకున్నారు. ఒకరు భారతదేశం నుంచి యాత్రికుడుగా వెళ్ళారు, ఇంకొకరు ఆ జిల్లా మనిషే. విభజనకు ముందు చిన్నప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళిన గురుద్వారా కూడా అదేనట. దేశం రెండయినా, సరిహద్దు గీసినా, ఆ చోటు అలాగే ఉంది. ఇద్దరికీ తెలిసిన చోటు ఒకటి ఉంటే, వచ్చేవాడు తన ఇష్టం మీద, తన వీలు చూసుకుని వస్తాడు. ఎవరూ ఎవరి జాడా తీయనక్కర లేదు.

మా ఇద్దరికీ తెలిసిన చోటు పేరాల ఇల్లు. నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరికి హైదరాబాదు వచ్చేసింది. ఇంటికి తాళం. పైకప్పు కారుతున్నది, చెల్లెలి పిల్లవాడి చదువుకు డబ్బు కావాలి. అమ్మవద్దని నేను అనడానికి నోట్లో ఉన్న కారణం ఇంత వయసొచ్చిన వాడు బయటికి చెప్పుకునేది కాదు. సంతకం పెట్టాను.

మర్నాడు తాళాలు అప్పగించడానికి వెళ్ళాను. ఎదురింటి మామ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఎనభై దాటాయి. చూపు ఆనదు గాని గొంతులను పోల్చుకుంటుంది.

"ఏం నాయనా, అమ్మేశారంటగా?"

"అమ్మేశాం మామ్మా."

"పడగొడతాడంట, కొన్నాయన. మూడంతస్తులు లేపుతాడంట." కాసేపు ఊరుకుంది. "మీ నాయన పోయిన నాలుగైదేళ్ళకు ఒకాయన వచ్చాడయ్యా. నీకు చెబుదామనుకుంటా మర్చిపోతా ఉన్నా. మంచి ఎండన పడి వచ్చి మీ అరుగు మీద కూర్చున్నాడు. గుమాస్తాగారు లేరా అన్నాడు. పోయారయ్యా అన్నా. అట్నా అని, చాలాసేపు ఏం మాట్లాడలా."

"పేరు చెప్పలేదా?"

"చెప్పలా. మంచినీళ్ళు అడిగితే ఇచ్చా. తాగి, గ్లాసు తిప్పి చూసి, ఈ పేరెవరిది మామ్మా అన్నాడు. మా అమ్మది నాయనా, పెళ్ళికి పెట్టింది అన్నా. జాగ్రత్తగా నా చేతికిచ్చి పోయాడు."

"నా గురించి ఏమైనా అడిగాడా?"

"అడగలేదు నాయనా."

వచ్చినవాడు కండె అని చెప్పడానికి ఇందులో ఏమీ లేదు. నాన్నగారి పద్దుపుస్తకంలో పేరున్నవాళ్ళు పేరాలలో వందలమంది. గ్లాసు మీద పేరు చూసి ఎవరిదని అడగడం ఎవరైనా చేసే పనే. వాడే అయితే నా గురించి ఒక్క మాటైనా అడగకుండా పోయాడని కూడా ఒప్పుకోవాలి. అది నేను ఎన్నిసార్లు అనుకున్నా అలవాటు కాలేదు.

మామ్మ ఇంట్లో గోడకు వెంకట్రామా క్యాలెండరు ఉంది. దాని వెనుక అట్ట మీద నా పేరు, ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాశాను. "ఆయన గాని, ఇంకెవరైనా గాని, గుమాస్తాగారి అబ్బాయి కావాలంటే ఇది ఇవ్వు మామ్మా" అన్నాను.

"ఆయన నంబరు కూడా అడిగి పెట్టనా?"

"వద్దు. తనంతట తను ఇస్తే తీసుకో. నువ్వు అడగొద్దు. ఏ ఊరనీ అడగొద్దు. మంచినీళ్ళివ్వు, నా నంబరివ్వు."

ఆవిడకు ఇదేమిటో అర్థమైనట్టు లేదు. అయినా సరేనంది. నేను మెట్లు దిగుతుండగా వెనుక నుంచి పిలిచింది.

"క్యాలెండరు ఏడాదికి మారుద్ది గదయ్యా!"

నేను ఆ సంగతి ఆలోచించలేదు. ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాను.

"పోనీలే, ఏటికేడు కొత్తదాని మీద రాయిస్తాలే. మా మనవరాలు రాస్తది" అంది.

ఇక మీతో ఒక మాట. నేతపనిలో ఉన్నవాళ్ళు, బెంగుళూరు వైపు ఉన్నవాళ్ళు మీలో ఉండవచ్చు. ఇది చదివి, ఫలానా మనిషేమో అని మీకు తోస్తే, దయచేసి నాకు చెప్పకండి. వాడికి చెప్పండి. పేరాలలో ఇల్లు లేదు గాని, ఎదురింటి మామ్మ ఉందని చెప్పండి. ఏటా కార్తీక పౌర్ణమి నాడు పొద్దున్నే వాడరేవు లైట్‌హౌసు దగ్గర నేను ఉంటానని చెప్పండి. రావాలని ఏమీ లేదని కూడా చెప్పండి. వచ్చి, దూరం నుంచి చూసి, పలకరించకుండా పోయినా సరేనని చెప్పండి.

వాడు ఇచ్చేసిన చందమామలు మూడూ నా దగ్గరే ఉన్నాయి. వాడు పూర్తిగా చదవలేదని నాకు తెలుసు.